మిల్లు ఆపిన ఇన్‌చార్జి

నన్ను జనరల్ మేనేజర్ కుర్చీలో కూర్చోబెట్టడానికి నా తెలివితో గానీ అనుభవంతో గానీ సంబంధం లేదు. నేనంటే ఫ్యాక్టరీలో ఎవరికీ భయం లేదు, అసూయ లేదు, పెద్దగా గుర్తు కూడా లేదు. ఉన్నట్టుండి ఖాళీ అయిన కుర్చీకి ఇంతకంటే మంచి అర్హత ఆ వారం ఎవరిలోనూ కనబడలేదు.

ఈమధ్య ఉద్యోగాల్లో చేరిన మా బంధువుల పిల్లలు చెబుతుంటారు. పెద్ద కంపెనీల్లో పై అధికారి హఠాత్తుగా వెళ్లిపోతే, కొత్తవాడు దొరికేదాకా ఆ సీటు చూసుకోవడానికి బయటి నుంచి మనుషులను తెచ్చుకుంటారట. వాళ్లకు అదే వృత్తి అట. కొన్ని నెలలుండి, పని చక్కబెట్టి, పెట్టె సర్దుకుని ఇంకో కంపెనీకి పోతారట. విని సంతోషించాను. మా కాలంలో అంత దూరం ఆలోచించేవారు కాదు. ఉన్నవాళ్లలోనే ఎవడో ఒకడిని పట్టుకుని ‘ఇన్‌చార్జి’ అనేవారు. బయటి నుంచి వచ్చినవాడు పని అయ్యాక ఊరు వదిలిపోతాడు. లోపలివాడికి ఆ అదృష్టం లేదు. ఇవాళ ఎవరి మీద పెత్తనం చేశాడో రేపటి నుంచి మళ్లీ వాళ్ల కిందే పని చేయాలి. మీలో ఎవరికైనా ఇలాంటి గౌరవం దక్కితే పనికొస్తుందని ఇది చెబుతున్నాను.

తొంభైల మొదట్లో మాట. బోధన్‌కూ వర్నికీ మధ్య ఉన్న ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీలో నేను లేబర్ వెల్ఫేర్ ఆఫీసర్‌ని. అంటే క్యాంటీన్ చాయ్ నీళ్లలా ఉంటే కార్మికులు ఎవరిని తిడతారో ఆ మనిషిని. క్వార్టర్ల కప్పు కురిసినా, చెప్పుల సైజు కుదరకపోయినా నా దగ్గరికే వచ్చేవారు. మాది మాక్లూర్ దగ్గర పల్లె. చదువు నిజామాబాద్‌లో. కాపురం బోధన్‌లో. నా భార్య అక్కడే మిషన్ బడిలో టీచరు. జీవితం సజావుగా సాగుతోంది.

మా జనరల్ మేనేజర్ చాలా ఏళ్లుగా ఉన్నవాడు. గట్టి మనిషి. ఆయన తిట్టు మొదలుపెడితే పూర్తి చేయకుండా వదిలేవాడు కాదు. ఆ ఏడు దసరా వెళ్లాక, బాయిలర్ వెలిగించడానికి ముహూర్తం కూడా పెట్టుకున్నాక, ఒక ఉదయం ఎవరినో తిడుతూ సగంలో ఆగిపోయాడు. తిట్టు సగంలో ఆగడం అదే మొదటిసారి కాబట్టి అందరికీ వెంటనే అర్థమైంది. పక్షవాతం. హైదరాబాద్ తీసుకెళ్లారు. ప్రాణానికి ముప్పు తప్పింది గానీ మనిషి మళ్లీ ఫ్యాక్టరీకి రాలేదు.

చెరకు చేలల్లో నిలబడి ఉంది. క్రషింగ్ మొదలు కావాలి. కుర్చీ ఖాళీ.

దానికి హక్కుదారులు ఇద్దరు. ఒకాయన చీఫ్ ఇంజనీరు. మిల్లు మొత్తం ఆయన చేతిలో ఉంటుంది. ఇనుము విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు. రెండో ఆయన కేన్ మేనేజర్. రైతుల దగ్గర చెరకు ఎప్పుడు కోయించాలి, ఏ ఊరి బండ్లు ఎప్పుడు రావాలి అన్నది ఆయన చూస్తాడు. బోధన్‌లోనే పుట్టి పెరిగినవాడు. అటు దెగ్లూర్ దాకా మరాఠీలోనూ, ఇటు బాన్సువాడ దాకా తెలుగులోనూ ఆయనకు తెలియని రైతు లేడు. ఇద్దరూ పనిమంతులే. చిక్కల్లా ఒకటే, ఇద్దరి మధ్యా మాటలు లేవు. ఎందుకు పోయాయో సరిగ్గా ఎవరికీ తెలియదు. ఒక పెళ్లిలో వడ్డన దగ్గర అని కొందరు, క్లబ్బులో క్యారమ్ బోర్డు దగ్గర అని కొందరు అనేవారు. ఏళ్ల తరబడి పాత జనరల్ మేనేజరే ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేవాడు. ఆయన చేసే అసలు పని అదేనని ఆయన పడిపోయాక గానీ మాకు తెలియలేదు.

హైదరాబాద్ నుంచి డైరెక్టరు వచ్చాడు. గెస్ట్ హౌస్‌లో ఇద్దరినీ విడివిడిగా పిలిచి మాట్లాడాడు. అతన్ని కూర్చోబెడితే నేను సెలవు పెడతానని ఇంజనీరు చెప్పాడు. కేన్ మేనేజర్ కూడా అదే చెప్పాడు. ఆ తర్వాత భోజనం. భోజనం ఏర్పాట్లు వెల్ఫేర్ పని కాబట్టి నేను వడ్డన చూస్తున్నాను. డైరెక్టరు పెరుగన్నం కలుపుతూ తల ఎత్తాడు.

“మీరెవరు?”

“వెల్ఫేర్ ఆఫీసర్‌ని సార్.”

“ఆ ఇద్దరితో మీకేమైనా గొడవలున్నాయా?”

“లేవు సార్.”

“వాళ్లకు మీతో?”

“నేనున్నట్టు వాళ్లకు తెలుసో లేదో సార్.”

ఆయన పెరుగన్నం పూర్తి చేశాడు. చేయి కడుక్కున్నాడు. “సరిపోయింది,” అన్నాడు. “కొత్తాయన దొరికేదాకా మీరు చూసుకోండి. రెండు మూడు వారాలు. ఏమీ చేయకండి. ఏమీ జరగకుండా చూడండి, అంతే.”

ఇంటికి వెళ్లి చెబితే నా భార్య ముందు నమ్మలేదు.

“నిన్నా?”

“నన్నే.”

“ఎందుకంట?”

“నాతోని ఎవ్వరికి గొడవ లేదంట.”

“ఇగ మొదలైతయి,” అంది ఆమె, చపాతీలు వత్తుతూ.

జనరల్ మేనేజర్‌కు కారు ఉండేది. వద్దన్నానని రాసుకుంటే బాగుంటుంది గానీ, నేను వద్దనలేదు. మొదటి ఆదివారం చర్చికి అందులోనే వెళ్లాం. నడిస్తే ఐదు నిమిషాల దూరం. డ్రైవర్‌ను మార్కెట్ వైపు తిప్పి తీసుకెళ్లమన్నాను.

ఇక పని సంగతి. పొద్దున్నే నా గదిలో సమావేశం. బల్లకు అటు ఇంజనీరు, ఇటు కేన్ మేనేజర్, మధ్యలో నేను. ఇద్దరి మధ్య దూరం రెండు బారలు ఉంటుందేమో.

“వెల్ఫేరూ,” అనేవాడు ఇంజనీరు. నా హోదా మారినా ఆయనకు నా పేరు అదే. “కేన్ సెక్షనోళ్లకు చెప్పు. చెరుకు కట్టెల లెక్క ఎండిపోయి వస్తున్నది.”

నేను కేన్ మేనేజర్ వైపు తిరిగేవాణ్ని.

“భాయ్, మిల్లోళ్లకు చెప్పు. టైముకు మింగితే ఎండదని.”

నేను మళ్లీ ఇటు తిరిగేవాణ్ని. నెల గడిచేసరికి నాకు మెడనొప్పి వచ్చింది. అయినా క్రషింగ్ సాగింది. ఇద్దరూ చూపించిన చోట సంతకం పెట్టాను. రెండు మూడు వారాలన్నది రెండు నెలలు దాటింది. కొత్తాయన కోసం చూస్తున్నామని హైదరాబాద్ నుంచి ఫోన్లు వచ్చేవి. నాకు తొందర లేదు. నిజం చెప్పాలంటే కుర్చీ మెత్తగా ఉంది.

క్రిస్మస్ పోయి సంవత్సరం మారింది. చలి గట్టిగా ఉన్న రోజులు. ఒక పొద్దున వర్ని అవతలి పల్లె నుంచి ఒకామె నా గదిలోకి వచ్చింది. నడివయసు మనిషి. భర్త కాలు విరిగి మంచంలో ఉంటే తనే బండి కట్టుకుని చెరకు తెచ్చింది. వెల్ఫేర్ ఆఫీసుకు పోతే అక్కడ ఎవరూ లేరట. ఉండవలసింది నేనే కాబట్టి నిజమే.

“సారూ, నా ఎద్దు కదుల్తలేదు.”

“పశువుల డాక్టర్‌ను పిలిపిస్త అవ్వా.”

“రోగమైతే నేనే మందు పోద్దును. రోగం గాదు. గోడ నాకుతున్నది. నిన్నటి సంది గదే పని. కాంట కాడికి నడువే అంటే కొమ్ములిసురుతున్నది. మీ గోడకు ఏం బూసిండ్రు సారు?”

జనరల్ మేనేజర్ స్థాయిలో పరిష్కరించవలసిన సమస్య కాదని నాకూ తెలుసు. కానీ అంతవరకు వచ్చిన సమస్యల్లో నాకు అర్థమైనది అదొక్కటే. లేచి ఆమె వెంట వెళ్లాను.

బండ్లు ఆగే యార్డుకు ఒక పక్క ఫ్యాక్టరీ ప్రహరీ గోడ ఉంది. ఉత్తరపు గాలి తగలదని రైతులు ఆ గోడ వెంటే బండ్లు విప్పి, పొయ్యిలు పెట్టుకుని వంటలు చేసుకునేవారు. తమ వంతు రావడానికి ఒక్కోసారి రెండు పగళ్లు పట్టేది. నేను వెళ్లేసరికి ఆమె ఎద్దు ఒక్కటే కాదు, వరసగా చాలా ఎద్దులు బడిలో శిక్ష పడిన పిల్లల్లా గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాయి. శ్రద్ధగా నాకుతున్నాయి. గోడ అడుగున రాళ్ల సందుల్లోంచి నల్లగా, జిగటగా ఏదో ఊరుతోంది. వేలు పెట్టి చూశాను. మొలాసిస్.

తెలియనివారికి చెబుతాను. చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డిని మొలాసిస్ అంటారు. సారా ఫ్యాక్టరీల వాళ్లు కొనుక్కుంటారు. గోడకు అవతల, చేయి చాపితే తగిలేంత దగ్గరలో, మా మొలాసిస్ ట్యాంకు ఉంది. రెండంతస్తుల మేడంత ఇనుప డ్రమ్ము అనుకోండి. ఆ ఏడు కొనేవాళ్ల ఫ్యాక్టరీలో ఏదో మరమ్మతు వచ్చి మడ్డి తీసుకెళ్లడం ఆపేశారు. మా మిల్లు ఆగలేదు. ట్యాంకు అంచుదాకా నిండింది.

ఇంజనీరును పిలిపించాను. ఆయన గోడ లోపలి వైపు వచ్చి, ట్యాంకు రేకు మీద స్పానర్‌తో కొట్టి చెవి పెట్టి విన్నాడు. అతుకు వెంట వేలితో తడిమాడు.

“చెమట పడుతున్నది. ప్రతి సీజన్ల పడుతది. ఈసారి నిండింది కాబట్టి జర ఎక్కువ.”

“వెల్డింగ్ చేయించరాదా సార్?”

“నిండు ట్యాంకుకు వెల్డింగ్ చేస్తరా? ఖాళీ అయినంక చూద్దాం.”

“అప్పటిదాంక ఆగుతదా?”

“ఆగుతది.”

“పక్కానా?”

ఆయన నావైపు ఓపిగ్గా చూశాడు. “ఇనుము గురించి పక్కా అనేటోడు ఇంజనీరు కాదు వెల్ఫేరూ. కానీ ఆగుతది.”

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. ఒకసారి క్యాంటీన్‌లో ఆయనే చెప్పాడు, ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో ఇలాంటి ట్యాంకు పగిలితే ఏమైందో. మడ్డిలో మనిషి పరుగెత్తలేడు, ఈదలేడు అని చెబుతూ ఉప్మా తిన్నాడు.

“మరి గోడ అవతల మనుషులున్నరు కద సార్. బండ్లు అక్కడ్నుంచి తీపిస్తే?”

“తీపించు. అది కేన్ సెక్షన్ పని.”

కేన్ మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

“యాడికి తీయాలె భాయ్?” అన్నాడు ఆయన. “యార్డు నిండిపోయింది. రోడ్డు మీద పెడితే బోధన్ రోడ్డు బంద్ అయితది. పోలీసులొస్తరు. ట్యాంకు తక్కువ చెయ్యమను వాళ్లను.”

ఇంజనీరు దగ్గరికి వెళ్లాను.

“తక్కువ చేసి యాడ పొయ్యాలె? నా నెత్తి మీదనా? చెరుకు వస్తున్నన్ని దినాలు మడ్డి వస్తనే ఉంటది. చెరుకు ఆపమను.”

కేన్ మేనేజర్ దగ్గరికి.

“కోసిన చెరుకు ఆపితే ఎండుతది. రైతులు నన్ను నరుకుతరు. మిల్లు ఆపమను, నాకేం బాధ లేదు.”

ఇంజనీరు దగ్గరికి.

“కారణం లేకుండ నడిచే మిల్లు ఆపుడా? నా సర్వీసుల ఆపలే.”

ఇద్దరి మాటల్లోనూ తప్పు లేదు. మధ్యాహ్నమైంది. నేను యార్డు గేటు దగ్గర నిలబడ్డాను. గోడ వెంట పొయ్యిలు వెలుగుతున్నాయి. ఒక బండి కింద చీరతో ఉయ్యాల కట్టి పసిదాన్ని పడుకోబెట్టారు. తల్లి పక్కనే జొన్నరొట్టెలు చేస్తోంది. ఉయ్యాల ఊగినప్పుడల్లా గోడకు తగిలీ తగలనట్టు వెళ్లి వస్తోంది. చాలాసేపు ఆ ఉయ్యాలనే చూశాను. ఆగుతుందని ఇంజనీరు అన్నాడు. ఆయన మాట ఎన్నడూ తప్పు కాలేదు. తప్పయితే మాత్రం దాన్ని సరిదిద్దుకునే అవకాశం ఆ ఉయ్యాలలోని మనిషికి ఉండదు.

గదికి వెళ్లి హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. లైను దొరికింది. విషయం చెప్పాను.

“ఇంజనీరు ఏమంటున్నాడు?” అన్నాడు డైరెక్టరు.

“ఆగుతుందంటున్నారు సార్.”

“మరి మీ బాధేమిటి? కొత్త జనరల్ మేనేజర్ దాదాపు ఖాయమయ్యాడు. ఈ వారంలోనే చూడ్డానికి వస్తాడు. అంతవరకూ ఏదీ జరక్కూడదు. ముందే చెప్పాను కదా మీకు?”

“అందుకే సార్. ఏదీ జరగకూడదనే మిల్లు ఆపుతున్నా.”

అవతల నుంచి ఏదో పెద్దగా వినబడింది. అప్పట్లో ట్రంకాల్ లైన్లు బాగుండేవి కావు. అందుకు నేను దేవుడికి ఎన్నోసార్లు కృతజ్ఞత చెప్పుకున్నాను.

ఫోన్ పెట్టేశాను. ముందు బాత్రూముకు వెళ్లి వచ్చాను. ఈ వివరం దాచాలనుకున్నాను గానీ, ఇలాంటి రోజు మీకూ వస్తే మీరొక్కరే కాదని తెలియాలి కదా. తర్వాత మిల్లు హౌస్‌కు వెళ్లాను. రోలర్ల చప్పుడులో మాట వినబడదు. ఇంజనీరు చెవి దగ్గర అరిచాను.

“మిల్లు ఆపాలె సార్!”

ఆయన నన్ను బయటికి లాక్కొచ్చాడు. చుట్టూ ఫిట్టర్లు మూగారు.

“మళ్ల చెప్పు.”

“మిల్లు ఆపాలె. మడ్డి సగానికి దిగినంక నడుపుదాం. బండ్లన్నీ గోడకాడి నుంచి తీసేయాలె.”

“నువ్వు చెప్తున్నవా, కుర్చీ చెప్తున్నదా?”

“కుర్చీనే సార్. నేనైతే చెప్పేటోన్ని కాదు.”

ఆయన ముఖం ఎర్రబడింది. ఇంకొన్ని రోజులు పోతే నేను మళ్లీ క్యాంటీన్ చాయ్ చూసుకోవాలని ఆయనకు తెలుసు, నాకు తెలుసు, చుట్టూ నిలబడ్డ ఫిట్టర్లకు తెలుసు. “యాదిల పెట్టుకుంట,” అన్నాడు. లోపలికి వెళ్లి తన చేత్తోనే ఆపాడు.

సీజన్ మధ్యలో మిల్లు ఆగితే ఎలా ఉంటుందో అక్కడివాళ్లకే తెలుస్తుంది. రాత్రింబవళ్లు చెవుల్లో ఉండే హోరు ఒక్కసారిగా పోతుంది. దూరంగా రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. ఎద్దుల మెడ గంటలు వినబడ్డాయి. తర్వాత మనుషులు వినబడ్డారు.

యార్డంతా గేటు మీదికి వచ్చింది. ‘మిల్లు ఎందుకు ఆపిండ్రు’, ‘చెరుకు ఎండితే ఎవడిస్తడు’, ‘ఎవడు ఆపింది’. చివరి ప్రశ్నకు సమాధానంగా నన్ను ముందుకు తోశారు. స్టూలు ఎక్కి ట్యాంకు గురించి చెప్పాను. అక్కడ ఎద్దులు మడ్డి నాకుతున్నాయి కాబట్టి ఊట ఉందని అందరూ ఒప్పుకున్నారు. కానీ ఇంత పెద్ద ట్యాంకు పగులుతుందని ఎవరూ ఒప్పుకోలేదు. “గింత కారుతె గంత పలుగుతదా?” అన్నాడొక పెద్దమనిషి. ఈ సంగతి నాకు ఎవరు చెప్పారని ఇంకొకరు గట్టిగా అడిగారు. నేను నోరు తెరిచేలోపే గుంపులోంచి ఆ ఎద్దు మనిషి ముందుకొచ్చింది. అందరికంటే ఎక్కువ కోపం ఆమెకే ఉంది.

“నేను జెప్పిన! ఎద్దు కదుల్తలేదని జెప్పిన! ఎద్దును గుంజనీకె ఇద్దరు మనుషుల్నియ్యమంటె మిల్లు బంద్ వెడ్తవా సారు? నీకు అకల్ ఉన్నదా?”

గుంపు ఆమె మీదికి తిరిగింది. నీవల్లనే ఇదంతా అని నలుగురైదుగురు అరిచారు. ఒకతను ఆమె బండి మీద కర్రతో కొట్టాడు. నేను స్టూలు దిగాను. నాకు తోచిన మాటే చెప్పాను.

“అవ్వా, నీ ఎద్దు కాడికి పోదాం పా. గుంజుదాం.”

వెళ్లి పగ్గం పట్టుకున్నాను. ఎద్దు నావైపు చూడను కూడా చూడలేదు. నాతోపాటు ఒక ఫిట్టరు పట్టుకున్నాడు. ఆమె వెనక నుంచి తోసింది. ముందరి కాళ్లు నేలలో పాతినట్టు నిలబెట్టి అది నాకుతూనే ఉంది. నేను జారి ఆ మడ్డిలోనే కూలబడ్డాను. జనరల్ మేనేజర్ మడ్డిలో కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు. గుంపులో ఎవరో ఫక్కున నవ్వారు. కర్ర పట్టుకున్నవాడే దాన్ని పారేసి వచ్చి పగ్గం అందుకున్నాడు. ఇంకా ఆరేడుగురు చేరారు. ఎద్దు కదిలింది. తర్వాత రెండోది. ఒకదాన్ని తప్పిస్తే దాని చోటికి ఇంకొకటి వస్తోందని, ఎద్దులన్నిటినీ ఒకేసారి తప్పించాలని ఆమే గట్టిగా చెప్పింది. పొద్దు వాలే వేళకు గోడ వెంట బండి లేదు, పొయ్యి లేదు. ఉయ్యాల కట్టిన బండి అందరికంటే ముందు వెళ్లింది. అది నేను దగ్గరుండి చూసుకున్నాను.

బండ్లు రోడ్డు మీద పడ్డాయి. కేన్ మేనేజర్ చెప్పినట్టే పోలీసులు వచ్చారు. అన్నీ ఆయన చెప్పినట్టే జరుగుతుండటంతో ఆయన కాస్త శాంతించాడు. కొత్తగా చెరకు కోయవద్దని ఊళ్లకు మనుషులను పంపాడు. పోలీసులతో తనే మాట్లాడి పంపించాడు. ఇక మడ్డిని ఎక్కడ పోయాలన్నది మిగిలింది. ఫ్యాక్టరీ వెనక బీడు ఉంది. అక్కడ పెద్ద గుంత తవ్వి తాత్కాలికంగా నింపవచ్చు. వర్ని దగ్గర కాలువ పని చేస్తున్న కాంట్రాక్టరు కేన్ మేనేజర్‌కు చుట్టం. అతని దగ్గర తవ్వే యంత్రం ఉంది. ట్యాంకు నుంచి అక్కడికి పైపులు వేసి తోడటం ఇంజనీరు పని.

ముగ్గురం బీడులో నిలబడ్డాం. మధ్యలో నేను. కేన్ మేనేజర్ నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను అలవాటుగా మెడ తిప్పడానికి సిద్ధమయ్యాను.

“పంపు ఎంతది?” అన్నాడు కేన్ మేనేజర్.

నన్ను అడగలేదు. నాకు పంపుల సంగతి తెలియదని ఆయనకు తెలుసు.

ఇంజనీరు ట్యాంకు వైపు తిరిగి చూశాడు. “మూడించులదే,” అన్నాడు.

“అయితే గుంత గీడ వద్దు. దగ్గర్ల తవ్విపిస్త.”

“ఆ.”

ఏళ్ల తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అంతే. నేను నెమ్మదిగా రెండడుగులు వెనక్కి వేశాను. వాళ్లు గమనించలేదు.

మిల్లు కొన్ని రోజులు ఆగింది. ట్యాంకు సగానికి దిగాక మళ్లీ నడిచింది. ట్యాంకు పగలలేదు. దీనివల్ల నాకు జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. పగిలి ఉంటే నన్ను దేవుడనేవారు. పగలలేదు కాబట్టి ‘ఎద్దు మేనేజరు’ అన్నారు. బోధన్ మార్కెట్లో మా ఆవిడను కూడా ‘ఎద్దు మేనేజర్ ఇంటామె’ అన్నారని వచ్చి చెప్పింది. కోపంగా ఉందేమో అనుకున్నాను.

“నేను జెప్పిన గద, మొదలైతయని,” అంది. చేతిసంచి కింద పెడుతూ, “ఉయ్యాలల ఉన్నది ఆడిపిల్లనా, మొగపిల్లగాడా?” అని అడిగింది.

నాకు తెలియదు. అడగలేదు.

ఖాయమైన కొత్త జనరల్ మేనేజర్ ఆ ఆగిన రోజుల్లోనే చూడటానికి వచ్చాడు. పొగలేని చిమ్నీ చూశాడు, రోడ్డు మీద బండ్లు చూశాడు, బీడులో నల్లటి చెరువు చూశాడు. ఇది ఎవరు ఆపారని అడిగితే, వెల్ఫేర్ ఆఫీసర్ అని చెప్పారట. భోజనానికి ఉండకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

డైరెక్టరు వచ్చి నన్ను తలుపు వేసి తిట్టాడు. తిట్టడంలో పాత జనరల్ మేనేజర్ అంత నైపుణ్యం లేదు. సీజన్ సగంలో మళ్లీ మనిషిని వెతకడం ఆయన వల్ల కాలేదు. ఈలోగా ఇంజనీరూ కేన్ మేనేజరూ మాట్లాడుకుంటున్నారని ఎవరో చెప్పారు. ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగితే, కేన్ మేనేజర్ తనే అన్నాడట, “ఆయన్నే చెయ్యిండ్రి. నాకేం అభ్యంతరం లేదు” అని. అలా చీఫ్ ఇంజనీరు మా జనరల్ మేనేజర్ అయ్యాడు. నేను కారు తాళం ఇచ్చేసి నా పాత గదికి వెళ్లాను. చాయ్ మీద ఫిర్యాదులు నాకోసం ఎదురుచూస్తున్నాయి.

‘యాదిల పెట్టుకుంట’ అన్న మాట నేను మరిచిపోలేదు. పిలుపు వస్తుందని రోజూ చూశాను. రాలేదు. ఎదురుపడితే తల ఊపేవాడు, అంతే. బదిలీ చేస్తాడని, పాత ఫైల్ తీస్తాడని నా స్నేహితులు చెప్పేవారు. నా భార్య నిజామాబాద్‌లో బడులు ఎక్కడ ఖాళీలున్నాయో ముందుగానే వాకబు చేసి పెట్టింది.

సీజన్ ముగిసింది. మడ్డి కొనేవాళ్లు వచ్చి తీసుకెళ్లారు. ట్యాంకు ఖాళీ అయింది. కడిగించి, లైటు పట్టుకుని, జనరల్ మేనేజర్ అయిన మా ఇంజనీరు తనే లోపలికి దిగాడని విన్నాను. చాలాసేపు ఉన్నాడట. బయటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గ్యాస్ కట్టర్లను పిలిపించాడు. నేను క్యాంటీన్ పనిలో ఉండి, విషయం తెలిసి అక్కడికి వెళ్లేసరికి ఆ అతుకు ఉన్న భాగమంతా ముక్కలైపోయింది. తుక్కు లారీలోకి ఎక్కిస్తున్నారు. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. లోపల ఏం కనబడిందని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. అతుకు నిజంగా పగిలేదో, ఇంకో పదేళ్లు చెమటలు పట్టుకుంటూ నిలబడేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత కొత్త ట్యాంకు యార్డుకు చాలా దూరంగా కట్టించాడు.

ఎండాకాలం వచ్చింది. ఆయన కూతురికి పెళ్లి కుదిరింది. నెల సెలవు పెడుతున్నాడు. ఆ నెలకు ఇన్‌చార్జి కేన్ మేనేజర్ అని అందరూ అనుకున్నారు. కేన్ మేనేజర్ కూడా అనుకున్నాడు. నన్ను గదికి పిలిచారు. వెళ్లాను. కేన్ మేనేజర్ అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. బదిలీ కాగితం చేతికిస్తారని గుండె దిటవు చేసుకున్నాను.

“వెల్ఫేరూ, సోమారం నుంచి నువ్వే ఇన్‌చార్జి,” అన్నాడు ఆయన.

నేను కేన్ మేనేజర్ వైపు చూశాను. ఆయన చాయ్ వైపు చూశాడు.

“నేనెందుకు సార్? సారు ఉన్నరు గద...”

“నేను లేనప్పుడు మిల్లు నడిపేటోళ్లు శాన మంది ఉన్నరయ్యా,” అన్నాడు జనరల్ మేనేజర్, పెళ్లి కార్డు ఒకటి తీసి నా ముందుకు తోస్తూ. “ఆపేటోడు నువ్వొక్కడివే. కుటుంబంతోని రా.”